ఆ ఆరు వేలు ఏ పేరుతో ఇస్తున్నారు?

2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపల్ కార్మికుల సమ్మె విరమించారని టీవీలో స్క్రోలింగ్ వచ్చిన రాత్రి మా అమ్మ నన్ను ఒక్కటే అడిగింది. "అమ్మాయ్, ఆ ఆరు వేల అలవెన్సు జీతంలో కలిపారా, మళ్ళీ పక్కనే పెట్టారా, సరిగ్గా చూసి చెప్పు." నేను అప్పటిదాకా అంకె కోసమే చూస్తున్నాను. ఎంత పెరిగింది, నెలకి 26,000 జీతం అడిగారు కదా, ఎంత దాకా వచ్చారు అని. ఐదో తరగతి దాకానే చదివిన అమ్మకి మాత్రం ఏది అడగాలో తెలుసు.

అమ్మ మున్సిపాలిటీలో పారిశుధ్య కార్మికురాలు, ఔట్‌సోర్సింగ్. మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్టణం, పేరు రాయను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ఐదింటికల్లా మస్టరు దగ్గర, అంటే హాజరు వేసే చోట, ఉండాలి. కొబ్బరి ఈనెల చీపురు ఆఫీసులో ఇచ్చింది ఇచ్చినట్టు వాడితే వారం కూడా రాదు, అందుకని ఇంటికి తెచ్చుకుని ఈనెలు గట్టిగా బిగించి పాత సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి, పొడుగు కర్రకి మళ్ళీ బిగించుకుంటుంది, వంగి ఊడిస్తే నడుము పోతుందని. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చెప్పు అడుగులా అయిపోయింది. గోరింటాకు పెడితే అక్కడ మాత్రం పండదు.

జీతం సంగతికి వస్తాను. 2019లో అప్పటి ప్రభుత్వం పారిశుధ్య కార్మికులకు 18,000 చేసింది. అందరూ సంతోషపడ్డారు, మేమూ పడ్డాం. కానీ ఆ 18,000 రెండు ముక్కలు: 12,000 జీతం, 6,000 ఆక్యుపేషనల్ హెల్త్ అలవెన్సు. అంటే చెత్తలో, మురికిలో పని చేస్తారు, జబ్బులు వస్తాయి కాబట్టి ఇచ్చేది. 2022లో పీఆర్సీ, అంటే ప్రభుత్వ జీతాల సవరణ, వచ్చి ఔట్‌సోర్సింగ్ వాళ్ళకి 12,000 కాస్తా 15,000 అయింది. అలాంటప్పుడు 15,000కి 6,000 కలిపి 21,000 రావాలి కదా? అక్కడే పేచీ వచ్చింది. అలవెన్సు జీతం కాదు కాబట్టి దాన్ని ఉంచడం, తగ్గించడం ఒక కాగితంతో అయిపోయే పని. పెరిగిన మూడు వేలు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటారేమోనని అందరికీ భయం. ఆ 6,000 నిలబెట్టుకోవడానికే ఆ ఏడాది జులైలో రాష్ట్రమంతా చీపుర్లు కింద పెట్టాల్సి వచ్చింది. కొత్తగా ఏమీ అడగకుండా, ఉన్నది పోకుండా చూసుకోవడానికి సమ్మె చెయ్యడం ఎంత కష్టమో ఆలోచించండి. చివరికి 21,000 ఒప్పుకున్నారు.

అందుకే అమ్మకి ఆ ప్రశ్న.

2023 డిసెంబరు 26న మొదలైన సమ్మె మాత్రం చాలా పెద్దది. సమాన పనికి సమాన వేతనం, పర్మినెంటు చెయ్యడం, ఇంజనీరింగ్ విభాగం వాళ్ళకీ రిస్కు అలవెన్సు, ఇలా డిమాండ్లు చాలా ఉన్నాయి. అప్పటికే అంగన్‌వాడీలు కూడా సమ్మెలో ఉన్నారు, జనవరిలో వాళ్ళ మీద ఎస్మా, అంటే సమ్మెని నిషేధించే చట్టం, పెట్టారు. ఆ వార్త వచ్చిన రోజు మా ఊరి శిబిరంలో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు, తర్వాత మన మీదే అనుకున్నారు. మున్సిపల్ ఆఫీసు ముందు షామియానా, కింద పట్టాలు, మధ్యాహ్నం అక్కడే వంటావార్పు. నేను సెలవు రోజుల్లో వెళ్ళి కూర్చునేదాన్ని. సాయంత్రానికి ఆడవాళ్ళందరూ వేళ్ళ మీద ఒకే లెక్క వేసేవాళ్ళు. 21,000ని 30తో భాగిస్తే రోజుకి 700. ఇవాళ్టికి ఏడు రోజులు, 4,900. ఇవాళ్టికి పది రోజులు, 7,000. చీటీ కట్టాలి, డ్వాక్రా కిస్తీ ఉంది, పండగకి కూతురూ అల్లుడూ వస్తున్నారు. చర్చల్లో అవతలి పక్కన కూర్చున్నవాళ్ళకి ఈ లెక్క ఉండదు, వాళ్ళ జీతం ఒకటో తారీఖున పడిపోతుంది. ఏ సమ్మెలోనైనా ముందు ఎవరు అలిసిపోతారో తేల్చేది ఈ తేడానే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఒకరోజు కమిషనర్ గారు శిబిరం దగ్గరికి వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. "నా చేతిలో ఏముందమ్మా, నాకూ బాధగానే ఉంది, అంతా పైనుంచి రావాలి" అన్నారు. నిజమే, ఆయన చేతిలో లేదు. కానీ ఒక్కసారి చూడండి. ఇంటి పన్ను వసూలు చేసేది మున్సిపాలిటీ. ఏ వీధి ఎవరు ఊడవాలో చెప్పేది మున్సిపాలిటీ. రాకపోతే ఆబ్సెంటు వేసేది మున్సిపాలిటీ. కాగితం మీద యజమాని మాత్రం 2020లో పెట్టిన ఆప్కాస్, ఔట్‌సోర్సింగ్ వాళ్ళందరి కోసం పెట్టిన కార్పొరేషన్. జీతం ఎంతో తేల్చేది సచివాలయంలో మంత్రులు. ముగ్గురు యజమానులున్నప్పుడు ఎవరితో బేరమాడాలి? ఆప్కాస్ రాకముందు కాంట్రాక్టరు దగ్గర పని చేసిన రోజులు ఇంకా ఘోరం, మూడు నెలలకోసారి జీతం, పీఎఫ్ కోసేవాడు కానీ కట్టేవాడు కాదు. దాంతో పోలిస్తే ఇప్పుడు నయమే. జీతం నేరుగా బ్యాంకులో పడుతుంది. ఆ మాట ఒప్పుకోవాలి.

ఇది మన ఒక్క రాష్ట్రం కథ కూడా కాదు. 2015 జులైలో హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ (నగరపాలక సంస్థ) కార్మికులు సమ్మె చేస్తే అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ 8,500 ఉన్న జీతాన్ని 12,500 చేశారు, డ్రైవర్లకి 10,200 నుంచి 15,000. ఒకేసారి 47 శాతం, చిన్న విషయం కాదు. అయితే అది జీహెచ్ఎంసీ వాళ్ళకే. మిగతా పట్టణాల వాళ్ళు ఆ తర్వాత కూడా రోడ్డు మీదే ఉన్నారు. అదే చీపురు, అదే చెత్త, ఊరు మారితే జీతం మారిపోయింది. తాత్కాలిక ఉద్యోగులైనా సరే అదే పని చేస్తుంటే కనీసం రెగ్యులర్ స్కేలులో మొదటి మెట్టు జీతం ఇవ్వాలని 2016 అక్టోబరులో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తీర్పు ఉన్నా అడగడానికి టెంటు వెయ్యాల్సి వస్తోంది.

సరే, ఆ రాత్రికి వస్తాను. చర్చలు అంతకుముందు రెండు మూడుసార్లు విఫలమయ్యాయి. సంక్రాంతికి ఇంకా నాలుగైదు రోజులుంది. ఊళ్ళో చెత్త కుప్పలు, వాటి మీద పందులు. అమ్మ శిబిరానికి వెళ్ళేటప్పుడు తను రోజూ ఊడ్చే వీధిలోంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళేది. ఎందుకమ్మా అంటే "చూడలేనే" అంది. ఇరవై ఏళ్ళుగా ఆ వీధి తన చేతి మీద ఉంది. ఒకావిడ ఫోన్ చేసి "ఎప్పుడొస్తావమ్మా, పండగ పూట ముగ్గు ఎలా వేసుకోవాలి" అని అడిగింది. ఇంకొకాయన మాత్రం "వీళ్ళకి 21 వేలు చాలవా" అని శిబిరం ముందే, అందరికీ వినపడేలా అనేసి వెళ్ళాడు. ఆయన ఇంటి ముందు కాలవ తీసేది మా అమ్మే.

అప్పటి పురపాలక మంత్రి ఆదిమూలపు సురేష్ చర్చల తర్వాత చెప్పిన దాంట్లో అమ్మ అడిగిన మాట ఉంది. 15,000కి 6,000 కలిపి 21,000ని వేతనంగానే ఇస్తాం అని. అది చదివి వినిపిస్తే "ఇంకోసారి చదువు" అంది. చదివాను. "కాగితం మీద రాసిచ్చారా, నోటి మాటేనా?" అంది.

ఆ ఒక్క మాటకి డబ్బులో తేడా ఎంతో ఆ రాత్రే కూర్చుని లెక్క వేశాను. గ్రాట్యుటీ అంటే పని మానేటప్పుడు ఒకేసారి ఇచ్చే డబ్బు. అప్పటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం, నెలని 26 రోజులుగా తీసుకునేవాళ్ళు. అలవెన్సు ఆ లెక్కలోకి వచ్చేది కాదు. 15,000 మీద అయితే ఏడాదికి 8,654, 21,000 మీద అయితే 12,115. తేడా దాదాపు 3,460. ఇరవై ఏళ్ళకి 69 వేలు దాటుతుంది. రేపు పీఆర్సీలో శాతం లెక్కన పెంచినా ఏ అంకె మీద పెంచుతారన్నదే అసలు విషయం. "నెలనెలా చేతికి వచ్చేది అదే 21 వేలే కదా, దీనికోసం ఇన్ని రోజులా" అని మా బాబాయి అన్నాడు. నెలకి అదే. అరవై ఏళ్ళు వచ్చి ఇంటికి వెళ్ళే రోజున అదే కాదు.

ఇంకో ముడి కూడా ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈఎస్ఐ, అంటే కార్మికులకి ఉండే వైద్య బీమా, 21,000 జీతం వరకే. 2017 నుంచి ఆ హద్దు అక్కడే ఉంది. అంటే మా అమ్మ సరిగ్గా గట్టు మీద నిలబడి ఉంది. రేపు అడిగిన 26,000 ఇచ్చారే అనుకోండి, ఈఎస్ఐ కార్డు పోతుంది. రోజూ చెత్త ఎత్తే మనిషికి దగ్గు, చర్మ రోగాలు, గాజుపెంకులు, సూదులు గుచ్చుకోవడం మామూలు, ఈఎస్ఐ పోతే ఆ పెరిగిన ఐదు వేలు ఒక్క ప్రైవేటు ఆసుపత్రి బిల్లుకి చాలవు. కాబట్టి ఈసారి చర్చలకి వెళ్ళేవాళ్ళు జీతం పెంపుతో పాటు వైద్యం సంగతి కూడా అదే రోజు, అదే కాగితం మీద తేల్చుకోవాలని నా గట్టి కోరిక. తర్వాత చూద్దాం అంటే ఇంకో సమ్మె.

2025 జులైలో ఇంజనీరింగ్ విభాగం వాళ్ళు సమ్మెకి దిగారు, మంచినీళ్ళు వదిలేవాళ్ళు, వీధి దీపాలు చూసేవాళ్ళు. మా పక్కింటి అన్నయ్య వాటర్ వర్క్స్‌లో చేస్తాడు. పారిశుధ్యం వాళ్ళకి పెరిగిన ప్రతిసారీ వీళ్ళు వెనకబడిపోతూనే ఉన్నారు. ఒకే ఆఫీసు, ఒకే గేటు. అమ్మ డ్యూటీ దిగాక నేరుగా వాళ్ళ టెంటు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు, మజ్జిగ క్యాను ఒకటి పట్టుకెళ్ళింది.

మీ ఇంట్లో ఎవరైనా మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగ్‌లో చేస్తుంటే ఇవాళే వాళ్ళ పే స్లిప్ తెప్పించి చూడండి. చేతికి ఎంత వచ్చిందో తర్వాత, ముందు పైన వరసలు చూడండి, ఏది జీతం అని రాశారు, ఏది అలవెన్సు అని రాశారు. పీఎఫ్ పాస్‌బుక్ కూడా తీయండి, కోసింది నెలనెలా పడుతోందా లేదా అని. తేడా కనిపిస్తే ఫోటో తీసి మీ యూనియన్ వాళ్ళకి పంపండి, మళ్ళీ చర్చలకి పిలిచేలోపు.