ఫాల్కర్క్‌లో కాలువ ఎక్కిన పడవ

స్కాట్లాండ్‌లో తమ్ముడి దగ్గర గడిపి హైదరాబాద్ వచ్చేశాం. అందరూ ఎడిన్‌బరో కోట గురించే అడుగుతున్నారు. నా మనసు మాత్రం ఫాల్కర్క్‌లోనే ఉండిపోయింది.

అక్కడ రెండు పాత కాలువలు, ఒకటి పైన, ఒకటి బాగా కింద. ఒకప్పుడు 11 లాకులు, అంటే పడవల్ని మెట్టుమెట్టుగా ఎక్కించి దించే నీటి గదులు, వాటిని కలిపేవి. 1933లో వాటిని తీసేశారు. 1960ల్లో కాలువలే మూతపడ్డాయి. 2002లో మళ్లీ కలిపారు, ఈసారి పెద్ద చక్రంతో! చక్రానికి చెరోవైపు నీళ్లు నిండిన తొట్టి. పడవ లోపలికొస్తే దాని బరువుకు సరిపడా నీళ్లు బయటికి పోతాయి, అందుకే రెండువైపులా బరువు ఎప్పుడూ సమానం. తిప్పడానికి కరెంటు కొంచెమే చాలు. మా పడవ 24 మీటర్లు పైకి లేస్తుంటే ఎక్కడా కుదుపు లేదు, తొట్టిలో నీళ్లు తొణకలేదు. ఇరిగేషన్‌లో చేసి రిటైరైన నాన్న అద్దానికి ముఖం ఆనించి, "చూశావామ్మా, ఆర్కిమెడీస్ లెక్క!" అన్నారు. ఆయన్ని అంత సంతోషంగా చూసి చాలా కాలమైంది.

దగ్గర్లోనే కెల్పీలు, 30 మీటర్ల ఉక్కు గుర్రపు తలలు. ఒకప్పుడు పడవల్ని లాగిన గుర్రాలకు గుర్తుగా కట్టారు. అద్భుతం.

ఆ రాత్రంతా నాన్న మన గొలుసుకట్టు చెరువుల గురించే చెప్పారు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేదట. ఇప్పుడు ఆ చెరువుల్ని కలిపే కాలువల మీద ఎన్నో చోట్ల ఇళ్లున్నాయి, వానొస్తే కాలనీలు మునుగుతున్నాయి. అన్నేళ్ల తర్వాత వాళ్లు కలపగలిగారు. మనవీ కలపాలి, నేను గట్టిగా కోరుకుంటున్నా.

అటు వెళ్లేవాళ్లు పడవ టికెట్ ముందే బుక్ చేసుకోండి. అమ్మానాన్నల్ని తప్పకుండా తీసుకెళ్లండి.