విషయసూచిక ఇక చేత్తో రాయను

మా ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌కి విషయసూచిక ఇన్నాళ్లూ నేనే చేత్తో రాసేదాన్ని. మొన్న ఒక హెడ్డింగ్‌లో ఒక్క పదం మార్చి, సూచికలో దాని లింకు మార్చడం మరిచిపోయాను. కొత్తగా చేరిన అమ్మాయి సెటప్ భాగం కోసం అదే లింకు నొక్కి, అది ఎక్కడికీ వెళ్లక, గంటసేపు వెతుక్కుందట. విని మనసు చివుక్కుమంది.

ఆ రాత్రే కూర్చుని పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాను. మార్క్‌డౌన్‌లో (మామూలు అక్షరాల్లోనే గుర్తులు పెట్టి హెడ్డింగ్‌లూ అవీ రాసే పద్ధతి) హ్యాష్ (#) గుర్తుతో మొదలయ్యే ప్రతి వరసా హెడ్డింగే కదా, ఎన్ని హ్యాష్‌లుంటే అంత లోపలి మెట్టు అనుకున్నాను. రన్ చేస్తే సూచికలో "ముందు పాత ఫైళ్లు తీసేయాలి" అని ఒక అధ్యాయం కనిపించింది! చూస్తే అది కోడ్ బ్లాకులోని షెల్ కామెంటు, అంటే కమాండ్ల మధ్య మనుషుల కోసం రాసుకునే మాట. అదీ హ్యాష్‌తోనే మొదలవుతుంది మరి. కోడ్ బ్లాకుకు హద్దులుగా పెట్టే మూడేసి బ్యాక్‌టిక్‌ల (```) మధ్య ఉన్నదంతా వదిలేయమని రాశాక కుదురుకుంది.

తర్వాత "ఉదాహరణలు" అనే హెడ్డింగ్ నాలుగు చోట్ల ఉంది. నాలుగు లింకులూ మొదటిదానికే వెళ్తున్నాయి. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ అయితే రెండోదాని లింకు చివర -1, మూడోదాని లింకు చివర -2 చేరుస్తుంది. నేనూ అదే లెక్క పెట్టాను.

ఫైళ్లను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే పాండాక్ అనే టూల్ మామూలుగా 3 మెట్ల వరకే సూచికలో చూపిస్తుంది. ఆ హద్దు ఎంత అవసరమో మాది 5 మెట్లు దిగి చాంతాడంత అయినప్పుడు తెలిసింది. 2కి తగ్గించాను.

ఇప్పుడు ప్రతి కమిట్‌కీ, అంటే మార్పులు భద్రపరిచిన ప్రతిసారీ, సూచిక దానంతటదే తయారవుతోంది. ఆ అమ్మాయికి పంపాను. లింకు నొక్కితే నేరుగా సెటప్ దగ్గరే ఆగిందని చెప్పింది.