అడ్రసు నాదే అంటే సరిపోదు, సైన్ చేసి చూపించాలి

"మెసేజ్ సైన్ చెయ్యమంటున్నారు, చేస్తే కాయిన్లు పోతాయా?" క్రిప్టో ఉన్న తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఈ మధ్య ఈ ప్రశ్న తరచూ వస్తోంది. ధర పెరుగుతుందా పడిపోతుందా అన్నదానికంటే ఇదే ఎక్కువగా అడుగుతున్నారు. బిట్‌కాయిన్‌లో అయితే పోవు. ఇథీరియం అనే ఇంకో క్రిప్టోలో అయితే ఏం సైన్ చేస్తున్నారో చదవకపోతే పోవచ్చు, దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ఈ సంతకం దేన్ని రుజువు చేస్తుందో, దేన్ని చెయ్యదో తేల్చుకుందాం, ఎందుకంటే అడిగేవాళ్లలోనూ సగం మందికి అది తెలిసినట్టు లేదు.

బిట్‌కాయిన్ అడ్రసు వెనక ఒక ప్రైవేట్ కీ ఉంటుంది, అంటే ఓ పేద్ద సంఖ్య, దాన్నుంచి పబ్లిక్ కీ, దాన్నుంచి అడ్రసు. ఆ ప్రైవేట్ కీతో ఏదైనా వాక్యాన్ని సైన్ చేస్తే ఒక పొడుగాటి అక్షరాల దండ వస్తుంది, మామూలుగా 88 అక్షరాలు, చివర ఒక ఈక్వల్ గుర్తు. అడ్రసు, వాక్యం, ఈ దండ, మూడూ చేతిలో ఉంటే ఎవరైనా తమ కంప్యూటర్లోనే సరిచూసుకోవచ్చు. ప్రైవేట్ కీ బయటపడదు, ఫీజు లేదు, బ్లాక్‌చెయిన్ (లావాదేవీలన్నీ నమోదయ్యే బహిరంగ ఖాతా పుస్తకం) మీద ఏమీ కదలదు. కాగితం మీద మన సంతకం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, ఇది మాత్రం వాక్యం మారితే మొత్తం మారిపోతుంది, ఒక్క కామా తీసేసినా చెల్లదు. కాబట్టి వెరిఫై అయింది అంటే అర్థం ఇంతే: ఈ కీ చేతిలో ఉన్నవాళ్లెవరో, ఎప్పుడో, ఈ వాక్యాన్నే సైన్ చేశారు. ఎవరు, ఎప్పుడు అన్నది ఆ 88 అక్షరాల్లో ఎక్కడా ఉండదు.

ఈ 'ఎవరు, ఎప్పుడు' అన్న ఖాళీలోనే క్రెయిగ్ రైట్ అనే ఆస్ట్రేలియా పెద్దమనిషి ప్రపంచం చెవిలో పువ్వు పెట్టబోయాడు. 2016 మే 2న, బిట్‌కాయిన్ పుట్టించిన సతోషి నాకమోటోని నేనే అని బయటికొచ్చాడు. రుజువేదీ అంటే తన బ్లాగులో సైనింగ్ గురించి పాఠంలాంటి పోస్టు ఒకటి పెట్టాడు. అందులో, నోబెల్ బహుమతి వద్దన్న ఫ్రెంచి రచయిత సార్త్ర్ రాతను సతోషి కీతో సైన్ చేసినట్టుగా చూపించాడు. వాడిన కీ అల్లాటప్పా కీ కాదు, తొమ్మిదో నంబరు బ్లాకు (ఆ ఖాతా పుస్తకంలో ఒక పేజీ లాంటిది) కీ. సతోషి 2009 జనవరి 12న హాల్ ఫిన్నీ అనే ప్రోగ్రామర్‌కి 10 బిట్‌కాయిన్లు పంపింది ఆ బ్లాకు తాలూకు 50 కాయిన్లలోంచే, మనిషి నుంచి మనిషికి వెళ్లిన మొదటి బిట్‌కాయిన్ లావాదేవీ అది. కాబట్టి ఆ కీతో కొత్తగా ఒక్క వాక్యం సైన్ చేసి పడేసి ఉంటే వాదన అక్కడితో ముగిసిపోయేది.

కొన్ని గంటల్లోనే జనం ఆ సంతకాన్ని విప్పి చూశారు. బేస్64 రూపంలో ఉన్నదాన్ని హెక్స్‌లోకి (రెండూ ఒకే డేటాని రాసే వేర్వేరు పద్ధతులు) మార్చి బ్లాక్‌చెయిన్‌లో వెతికితే, అది 2009లో సతోషి చేసిన ఒక పాత లావాదేవీలోని సంతకమే. అది ఎప్పట్నుంచో అందరికీ కనిపిస్తూ పడి ఉన్నదే, రూపం మార్చి పెట్టాడు కాబట్టి మామూలుగా వెతికితే దొరకలేదు, అంతే. సంతకం అసలుదే, కీ కూడా అసలుదే, సైన్ అయిన విషయం మాత్రం సార్త్ర్ రాత కాదు, ఓ పాత లావాదేవీ. నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, దీన్ని పట్టుకోవడానికి ఏ ఫోరెన్సిక్ లాబూ అవసరం పడలేదు, "సైన్ చేశానంటున్న వాక్యం మొత్తం ఇవ్వు, మేం చూసుకుంటాం" అన్న ఒక్క ప్రశ్న చాలు. ఆయన ఆ వాక్యం పూర్తిగా ఇవ్వనే లేదు.

అంతకు నెల ముందు ఇంకో తతంగం నడిచింది. సతోషి తర్వాత బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ పగ్గాలు పట్టిన గావిన్ ఆండ్రెసెన్‌ని లండన్ పిలిపించి, హోటల్ గదిలో ఆయన ముందే సైన్ చేసి చూపించారు. ఇక్కడ వాక్యం గావిన్ చెప్పిందే, తన ఇష్టమైన అంకె పదకొండు అని. అంతవరకూ భేష్. కానీ ఆ సంతకాన్ని తన సొంత లాప్‌టాప్‌లో వెరిఫై చేసుకుంటానంటే ఒప్పుకోలేదు, బయటికి పొక్కుతుందట. అప్పటికప్పుడు కొత్త లాప్‌టాప్ కొనుక్కొచ్చి అందులో ఎలక్ట్రమ్ అనే వాలెట్ (కీలు దాచుకుని సైన్ చేసే సాఫ్ట్‌వేర్) దింపి, అక్కడే వెరిఫై అయిందని చూపించారు. సంతకం కాపీ కూడా చేతికివ్వలేదు. గావిన్ నమ్మేశాడు, తన బ్లాగు పోస్టులో బహిరంగంగా చెప్పేశాడు కూడా. 2023లో అదే పాత పోస్టు పైన, రైట్‌ని అంతగా నమ్మడం పొరపాటేనని రాసుకున్నాడు. నిజమైన సంతకమైతే వందమందికి పంచిపెట్టినా ఇచ్చినవాడికి నష్టం లేదు. దాన్ని ఒక్క గదిలోనే, ఒక్క మిషన్ మీదే చూడాలంటున్నారంటే అక్కడే అనుమానం రావాలి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 2020 మే 25ది. అప్పుడు అమెరికాలో ఫ్లోరిడా కోర్టులో రైట్ మీద వందల కోట్ల డాలర్ల కేసు నడుస్తోంది, తనవని చెప్పిన వేల అడ్రసుల జాబితా ఒకటి కోర్టులో దాఖలైంది. జాబితా బయటికొచ్చాక, అందులోని 145 అడ్రసులతో సైన్ చేసిన మెసేజ్ ఒకటి ఎవరో బయటపెట్టారు. అన్నీ 2009లో మైనింగ్ చేసిన (బ్లాకు కట్టినందుకు బహుమతిగా వచ్చిన) కాయిన్లున్న అడ్రసులు. మెసేజ్ మొదలే, క్రెయిగ్ స్టీవెన్ రైట్ అబద్ధాలకోరు, మోసగాడు, ఈ మెసేజ్‌ని సైన్ చేసిన కీలు అతని దగ్గర లేవు అని. చివర్లో మనమందరం సతోషిలమే అన్న మాట. ఎవరు రాశారో ఇవాళ్టికీ తెలియదు. కాయిన్లు అంగుళం కదల్లేదు, పేరు చెప్పలేదు, కోర్టుకు రాలేదు, పైసా ఖర్చు కాలేదు, కానీ 145 తాళంచెవులు మా దగ్గరున్నాయి అని లోకం మొత్తానికి లెక్కతో సహా చూపించి వెళ్లిపోయారు.

పట్టుబట్టి మాట్లాడితే, ఆ కీలు రైట్ దగ్గర లేవని ఆ సంతకాలు రుజువు చెయ్యవు. ఒకే కీ ఇద్దరి దగ్గర ఉండొచ్చు కదా. కానీ దానికి జవాబు రైట్ చేతిలోనే ఉంది, అదే అడ్రసుతో "ఇదిగో నేను" అని తిరిగి సైన్ చెయ్యడం, రెండు నిమిషాల పని. చెయ్యలేదు. 2024 మార్చి 14న లండన్ హైకోర్టులో జస్టిస్ మెల్లర్ ఈయన సతోషి కాదని తేల్చారు, ఆ హోటల్ గది ప్రదర్శనలూ అక్కడ నిలబడలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో కోర్టు ధిక్కారం కింద ఏడాది జైలు శిక్ష, అమలు వాయిదాతో.

ఇప్పుడు మన సంగతికొద్దాం. మనల్ని సతోషివా అని ఎవరూ అడగరు గానీ, యూరప్‌లో ఉన్న మనవాళ్లకి ఈ సైనింగ్ గోల నిజంగానే ఎదురవుతోంది. 2024 డిసెంబర్ 30 నుంచి అక్కడి ఎక్స్ఛేంజీలు (క్రిప్టో కొని అమ్మిపెట్టే సంస్థలు), కస్టమరు సొంత వాలెట్‌కి 1000 యూరోలు దాటి పంపినా తెచ్చుకున్నా, ఆ వాలెట్ ఆ కస్టమరుదేనా అని చూడాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న నా ఫ్రెండు టెన్షన్ పడి ఫోన్ చేసింది దీనికే. వాళ్లు ఇచ్చిన వాక్యాన్ని సైన్ చేసి పంపమన్నారు. చేయొచ్చు, కానీ ఆ వాక్యంలో ఏముందో చూసుకొని చేయాలి. ఆధార్ జెరాక్స్ ఇచ్చేటప్పుడు జాగ్రత్తపరులు దాని మీద అడ్డంగా గీత గీసి "సిమ్ కోసం మాత్రమే" అని తేదీ వేస్తారు చూడండి, సరిగ్గా అలాగ. ఎవరికిస్తున్నామో, ఎందుకో, తేదీ, వాళ్లిచ్చిన నంబరు, ఇవన్నీ వాక్యంలోపలే ఉండాలి. ఉత్తినే "ఈ అడ్రసు నాది" అని సైన్ చేసి వాట్సాప్‌లో పడేస్తే ఆ దండ ఎవడికి దొరికితే వాడు రేపు ఇంకెక్కడో పెట్టి "నాది" అనొచ్చు. అందుకే వాళ్లు ఏదైనా రాండమ్ నంబరు పెట్టకుండా మామూలు వాక్యం అడిగితే అది వాళ్లకే పనికిరాని రుజువు.

చెయ్యడం తేలికే. ఎలక్ట్రమ్‌లో టూల్స్ మెనూలో సైన్/వెరిఫై మెసేజ్ అని ఉంటుంది, వాక్యం, అడ్రసు పెట్టి సైన్ నొక్కడమే. తంటా అంతా కాపీ పేస్టులో వస్తుంది. మధ్యలో ఒక స్పేస్ ఎక్కువైనా, వర్డ్ ఫైల్లోంచి తెస్తే మామూలు కోట్ గుర్తులు వంకర కోట్లుగా మారినా వెరిఫై కాదు, మనం చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తెలుగులో వాక్యం రాసి సైన్ చేద్దామని సరదా పడేవాళ్లకి ఇంకో చిక్కు. "బిట్‌కాయిన్" అన్న మాటలో ట్ కీ కా కీ మధ్య కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది, కింద వత్తు పడకుండా ఆపేది, కంప్యూటర్ లెక్కలో అది మూడు బైట్లు. కొన్ని యాప్‌లు పేస్ట్ చేసేటప్పుడు దాన్ని మింగేస్తాయి. ఐత్వం కూడా యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే గుర్తుగానో, రెండు ముక్కలుగానో, తెరమీద తేడా తెలియదు, సంతకానికి మాత్రం అవి రెండు వేరే వాక్యాలు. భాషాభిమానం ఉండొచ్చు గానీ ఈ ఒక్కచోట ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో కానిచ్చేయండి.

ఇంకో తలనొప్పి అడ్రసు రకం. 1తో మొదలయ్యే పాత అడ్రసులకి అన్ని వాలెట్లూ ఒకేలా సైన్ చేస్తాయి. బీసీ1తో మొదలయ్యే కొత్త అడ్రసుల దగ్గర ఒక్కో వాలెట్‌ది ఒక్కో దారి, ఒకదాంట్లో చేసిన సంతకం ఇంకోదాంట్లో చెల్లదని వస్తుంది, మీ తప్పేమీ లేకపోయినా. బిట్‌కాయిన్ కోర్ అనే వాలెట్ అయితే మామూలు సైన్ మెసేజ్‌ని పాతరకం అడ్రసులకే ఒప్పుకుంటుంది. అన్నిటికీ ఒకే పద్ధతి అని బిప్ 322 ప్రతిపాదన 2018లోనే వచ్చింది, అన్ని వాలెట్లలోకీ అది ఇంకా రాలేదు. అలా ఇరుక్కుంటే చిన్న మొత్తం పంపి చూపించడమే దారి. ఇది కొత్తదేం కాదు, 2011 జూన్‌లో హ్యాక్ అయ్యాక, కాయిన్లు మా దగ్గరే ఉన్నాయని చూపించడానికి మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజీ ముందే చెప్పి మరీ 4,24,242 బిట్‌కాయిన్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపింది. (ఆ తర్వాత మూడేళ్లకి అది దివాలా తీసింది. కాయిన్లు ఆరోజు ఉన్నాయన్నదే ఆ కదలిక చెప్పింది, రేపు ఉంటాయని కాదు.)

బిట్‌కాయిన్‌లో సైన్ చేస్తే కాయిన్లు పోవు గానీ గుట్టు పోతుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మీ పేరు, ఆ అడ్రసు ఒకసారి ఎవరి ఫైల్లోనో జతపడ్డాక ఆ అడ్రసులోకి ఇప్పటిదాకా వచ్చింది, ఇకముందు వచ్చేది వాళ్లు చూస్తూనే ఉండొచ్చు. స్విట్జర్లాండ్‌లో ఈ రుజువుని ఒక్క క్లిక్కులో ఇచ్చే ఏఓపీపీ అనే పద్ధతి తెచ్చారు, ట్రెజార్ వాలెట్ దాన్ని చేర్చింది, 2022 జనవరిలో వాడేవాళ్లు ఇదే కారణంతో గొడవ చేస్తే తీసేసింది. నా పద్ధతి ఏంటంటే, ఇలాంటి అవసరాలకి విడిగా ఒక అడ్రసు పెట్టుకోవడం, దాచుకున్న మొత్తం ఉన్న అడ్రసుతో ఎవరికీ సైన్ చేసి ఇవ్వకపోవడం.

ఇథీరియం సంగతి వేరు అన్నాను కదా. బిట్‌కాయిన్‌లో మెసేజ్‌కి ముందు "బిట్‌కాయిన్ సైన్డ్ మెసేజ్" అన్న ముక్క వాలెట్టే తగిలిస్తుంది, అందుకని ఆ సంతకాన్ని లావాదేవీగా వాడటం కుదరదు. ఇథీరియంలోనూ మామూలు మెసేజ్‌కి అలాంటి ముక్కే ఉంది, వెబ్‌సైట్లలో లాగిన్ కోసం అడిగేది ఎక్కువగా అదే. ప్రమాదం ఇంకో రకంలో ఉంది, పర్మిట్ అంటారు. చూడ్డానికి అదీ మెసేజే, గ్యాస్ ఫీజు (లావాదేవీ రుసుము) అడగదు, కానీ అది "నా టోకెన్లు ఫలానావాడు తీసుకోవచ్చు" అన్న అనుమతి పత్రం. మెటామాస్క్ అనే ఇథీరియం వాలెట్ పాపప్‌లో కిందికి జరిపి చూస్తే స్పెండర్, వాల్యూ, డెడ్‌లైన్ అని గళ్లు కనిపిస్తాయి. వాల్యూ దగ్గర 78 అంకెల సంఖ్య కనపడిందంటే ఆ టోకెన్ మొత్తం ఊడ్చుకుపోవడానికి రాసిచ్చినట్టే. ఫీజు లేదు కదా, ఏం పోతుందిలే అని నొక్కేవాళ్లే దొంగలకి కావాలి. ఏం సైన్ చేస్తున్నామో తెలియకపోవడం పెద్దవాళ్లకీ తప్పలేదు, 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజీలో దాదాపు 23 కోట్ల డాలర్లు పోయినప్పుడు, తెరమీద కనిపించిందొకటి, నిజంగా సైన్ అయింది ఇంకొకటి అని ఆ సంస్థే చెప్పింది.

ఇక "మెసేజ్ సైన్ చెయ్యడం నీకు రాదుగా, ఆ 12 పదాలు చెప్పు, మేం చేసిపెడతాం" అనేవాడు కనిపిస్తే బ్లాక్ చెయ్యండి, వాలెట్ తాలూకు ఆ పదాలు ఇస్తే కీలన్నీ ఇచ్చేసినట్టే, మాటలు కూడా అనవసరం.

ఒకటి మర్చిపోయా. ఎక్స్ఛేంజీ యాప్‌లోనే కాయిన్లు పెట్టుకున్నవాళ్లు, డిపాజిట్ పేజీలో కనిపించే అడ్రసుకి సైన్ బటన్ ఎక్కడుంది అని అడుగుతున్నారు. ఉండదు. ఆ అడ్రసు కీ ఎక్స్ఛేంజీ దగ్గర ఉంటుంది, మీ దగ్గర కాదు. ఎవరైనా ఆ అడ్రసుకి సంతకం అడిగితే స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి పంపండి, అంతకంటే మీరు చెయ్యగలిగింది లేదు.