డిజైన్, ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్స్‌లకు విశాఖలో స్కెచ్‌బుక్ ప్రిపరేషన్

పరీక్ష హాల్లో మీ ఎదురుగా మోడల్ ఉండదు, ఫోన్ ఉండదు. "రద్దీగా ఉన్న బస్టాప్‌ను ఆటోలో వెనక సీట్లో కూర్చున్న పిల్లాడు చూసినట్టు గీయండి" లాంటి వాక్యం ఒకటి ఉంటుంది, అంతే. ఏడాదంతా నెట్‌లో దొరికిన ఫొటోలు ముందు పెట్టుకుని షేడింగ్ చేసినవాళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. చెయ్యి బాగానే తిరుగుతుంది, తలలో సరుకు ఉండదు. అందుకే యూసీడ్ (ఐఐటీల లాంటి చోట్ల డిజైన్ డిగ్రీకి) రాసినా, నిడ్ డాట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు) రాసినా, నిఫ్ట్ (ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థకు) రాసినా, బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ప్రవేశ పరీక్షకు వెళ్తున్నా స్కెచ్‌బుక్‌తో చేయించుకోవాల్సిన పని ఒకటే. చూసినదాన్ని గుర్తుంచుకోవాలి, చూడని కోణం నుంచి కూడా దాన్ని గీయగలగాలి.

ప్రస్తుత నమూనాలో యూసీడ్‌లో చేత్తో గీసే భాగమైన పార్ట్-బీకి గంట సమయం, 100 మార్కులు. స్కెచింగ్ ప్రశ్న ఒకటి, డిజైన్ ఆప్టిట్యూడ్ ప్రశ్న ఒకటి. ఏ పరీక్షకైనా ఆ ఏటి బ్రోచర్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. హాల్లోకి ఏం తెచ్చుకోవచ్చు, రంగులు వాడొచ్చా లేదా అన్నది సీనియర్లను అడిగి తెలుసుకునే విషయం కాదు.

సామాన్లు

దీని మీద ఎక్కువ డబ్బు పెట్టకండి. ఏ5 సైజు పుస్తకం ఒకటి బయట తిరగడానికి, ఏ4 ఒకటి ఇంట్లో ఐడియాలకు. పెన్సిల్, బాల్ పెన్నుకు 100-120 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) కాగితం చాలు. ఇంకు మీద పల్చగా వాష్ (నీళ్లు కలిపిన రంగు పూత) వేయాలంటే కనీసం 150 ఉండాలి. హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్లు మూడు, మామూలు నీలం బాల్ పెన్ ఒకటి. 8బీ జోలికి మొదట్లో వెళ్లొద్దు, అది తప్పుల్ని నల్లగా కప్పేస్తుంది, మీకే కనబడనివ్వదు. పుస్తకం మరీ ఖరీదైనదైతే పాడవుతుందనే భయంతో నెలకు నాలుగు పేజీలు కూడా నిండవు.

విశాఖ గాలిలో తేమ ఎక్కువ. కాగితం ఆ తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. దాని మీద గట్టిగా నొక్కితే గాడి పడుతుంది, రబ్బరు రుద్దితే పీచు లేస్తుంది, పీచు లేచినచోట ఇంకు పాకుతుంది. బీచ్‌కి తీసుకెళ్లే పుస్తకాన్ని ప్లాస్టిక్ జిప్ కవర్లో పెట్టుకోండి, గీసేటప్పుడు అరచేతి కింద విడి కాగితం వేసుకోండి. సగం మసక చెమట వల్లే వస్తుంది.

రోజూ ముప్పావు గంట

మొదటి 10 నిమిషాలు జెస్చర్, అంటే మనిషి భంగిమను వేగంగా పట్టే స్కెచ్. నిమిషానికి ఒక మనిషి, బాల్ పెన్నుతో, చెరపడం లేదు. ముఖం, వేళ్లు వద్దు. తల ఎక్కడుంది, వెన్ను ఎటు వంగింది, బరువు ఏ కాలి మీద ఉంది, ఈ మూడే. తర్వాత 20 నిమిషాలు ఎదురుగా ఉన్న ఒక వస్తువు లేదా చోటు, కొలతలతో. చెయ్యి పూర్తిగా చాచి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి పెన్సిల్ మీద కొలవాలి. మోచెయ్యి వంగితే ఒక్కోసారి ఒక్కో కొలత వస్తుంది. మిగతా 15 నిమిషాలు అసలైనవి. పుస్తకం మూసేసి, ఇంటికెళ్లి, సాయంత్రం అదే చోటును జ్ఞాపకంతో గీయండి. గీశాక ఉదయం పేజీ తెరిచి, తేడాల్ని ఎర్ర పెన్నుతో గుర్తించండి.

ఆ ఎర్ర గుర్తులే మీ సిలబస్. ఉదాహరణకు ఆటో. ముందు చక్రం ఒకటేనని ఎవరికి తెలియదు! కానీ గీయమంటే ఆ చక్రం మీది మడ్‌గార్డ్ ఆకారం, విండ్‌షీల్డ్ వాలు, వెనక సీటు ఎత్తు, పైకప్పును మోసే రాడ్లు ఎక్కడ మొదలవుతాయో చేతికి తెలియదు. ఎర్ర గుర్తు పడిన భాగాన్ని మాత్రమే మర్నాడు వెళ్లి చూడండి, మొత్తం ఆటోను మళ్లీ గీయక్కర్లేదు. సైకిల్, కుట్టుమిషన్, తోపుడుబండి, ప్రెషర్ కుక్కర్, సీలింగ్ ఫ్యాన్, మడత కుర్చీ, స్కూటర్ మీద ముగ్గురు. ఇలాంటివి ఒక ముప్పై జ్ఞాపకంలోంచి రెండు కోణాల్లో వస్తే పరీక్షలో ఏ సన్నివేశానికైనా సామగ్రి చేతిలో ఉన్నట్టే.

ఎక్కడ గీయాలి, అక్కడ ఏం నేర్చుకోవాలి

పర్‌స్పెక్టివ్ (దూరాన్ని కాగితం మీద చూపించే పద్ధతి) నేర్చుకోవడానికి ఈ ఊళ్లో ఉన్న సౌకర్యం చాలా ఊళ్లకు లేదు. ఆర్కే బీచ్‌లో హొరైజన్ లైన్ ఊహించుకోనక్కర్లేదు, సముద్రం చివర గీతలా కనిపిస్తూనే ఉంటుంది. ఆ గీతే మీ కంటి ఎత్తు. ఇసుకలో నిలబడితే, అదే మట్టంలో నిలబడ్డ మీ ఎత్తు మనుషులందరి కళ్లూ దగ్గరున్నా దూరంగా ఉన్నా ఆ గీత మీదే ఉంటాయి, పాదాలు మాత్రం దూరం వెళ్లేకొద్దీ పైకి జరుగుతాయి. ఇసుకలో కూర్చుంటే గీత వాళ్ల నడుము దగ్గరికి దిగుతుంది. రోడ్డు పక్క గోడ మీద కూర్చుని కింద ఇసుకలో ఉన్నవాళ్లను చూస్తే గీత వాళ్ల తలలకు పైన ఉంటుంది. ఒకే పూట ఈ మూడు చోట్ల నుంచీ మూడు చిన్న స్కెచ్‌లు వేయండి. గుంపును గీసినప్పుడు మనుషులు గాల్లో తేలుతున్నట్టు ఎందుకు కనిపిస్తారో ఆ పేజీ చూస్తే అర్థమవుతుంది. వెనకవాళ్లను చిన్నగా గీసి, వాళ్ల తలల్ని గీతతో కలపకుండా ఎక్కడో వదిలేయడమే కారణం.

వెలుగు సంగతి కూడా అక్కడే. పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు, కాబట్టి సముద్రం వైపు తిరిగితే మనుషులు నల్లటి ఆకారాలుగా కనిపిస్తారు. జెస్చర్‌కు అంతకన్నా మంచి సమయం లేదు, వివరాలు గీయాలనే ఆశ కూడా పుట్టదు. సాయంత్రం వెలుగు ఊరి వైపు నుంచి పడుతుంది, అప్పుడు అవే ముఖాలు, బట్టల ముడతలు చూడొచ్చు.

బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. చాలామంది పక్క నుంచి గీస్తారు, అలా చూస్తే అది చుట్ట ఆకారమే. ముక్కు దగ్గర, కాస్త పక్కకు నిలబడి గీయండి. ముందు మధ్య గీత వేయండి, దాని మీద వరసగా దీర్ఘవృత్తాలు వేస్తూ వెళ్లండి. అవి దూరమయ్యేకొద్దీ చిన్నవవుతాయి, వాటి మధ్య ఖాళీ కూడా తగ్గుతుంది. ఆ ఖాళీ తగ్గించడం మరిచిపోతే వస్తువు రబ్బరులా సాగినట్టు ఉంటుంది. ఇది వస్తే పైపు, రైలు బోగీ, చాచిన చెయ్యి అన్నీ వస్తాయి.

మనుషుల కోసం పూర్ణా మార్కెట్, రైతు బజార్, ఫిషింగ్ హార్బర్. నిలబడ్డ పెద్దవాళ్లు ఏడు, ఏడున్నర తలలు అని పుస్తకాల్లో ఉంటుంది, కానీ బజార్లో నిలబడేవాళ్లు తక్కువ. గొంతుక్కూర్చున్న మనిషి ఎత్తు నిలువులో సుమారు సగం. మోకాళ్లు చంకల దాకా వస్తాయి, పిరుదులు మడమల వెనక్కి వెళ్తాయి, బరువు పాదాల మీద ఉంటుంది. కొత్తవాళ్లు కుర్చీలో కూర్చున్న మనిషిని గీసి కుర్చీ తీసేస్తారు, అందుకే బొమ్మ వెనక్కి పడిపోయేలా ఉంటుంది. చీర ముడతలు ఎక్కడపడితే అక్కడ పడవు. బిగుతు ఉన్నచోట, అంటే నడుము దగ్గర దోపినచోట, భుజం మీద, వంచిన మోకాలి మీద పుట్టి అక్కడి నుంచి విచ్చుకుంటాయి. ముడతలు పుట్టే ఆ రెండు మూడు చోట్లు చూసుకుంటే పది గీతలు చాలు.

హార్బర్‌కు పొద్దున్నే వెళ్లండి, పడవలు చేరి వేలం జరిగేది అప్పుడే. దారికి అడ్డంగా కూర్చోకండి, ఒక్క మనిషినే చాలాసేపు గీయాలంటే ముందు అడగండి. "అమ్మా, బొమ్మ గీసుకోవచ్చా?" అంటే కాదనేవాళ్లు అరుదు, తర్వాత చూపించమంటారు మరి, చూపించాలి. నేవీ స్థలాల దగ్గర, పోర్టు గేట్ల దగ్గర మాత్రం పుస్తకమూ ఫోనూ తీయొద్దు.

ఫోన్‌తో ఫొటో తీసి ఇంట్లో గీద్దామనుకునేవాళ్లకు ఒక్క మాట. ఫోన్ మామూలు లెన్స్ చాలా వెడల్పుగా చూస్తుంది. దగ్గరున్న చెయ్యి పెద్దదవుతుంది, అంచుల్లోని మనుషులు సాగుతారు, వెనకున్న డాల్ఫిన్స్ నోస్ కొండ చిన్న దిబ్బలా మిగులుతుంది. దాన్ని చూసి గీస్తే ఆ తేడాలన్నీ మీ ఖాతాలోకే వస్తాయి.

ఐడియా ఎలా పుట్టించాలి

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. చిన్నప్పటి నుంచి మనందరి చేతిలో ఒక బొమ్మ ఉంది: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కొబ్బరిచెట్టు, గుడిసె. ఏ అంశం ఇచ్చినా మొదట వచ్చేది దాని చుట్టమే. వర్షం అంటే గొడుగు, కాలుష్యం అంటే ఏడుస్తున్న భూగోళం. పేపర్ దిద్దేవాళ్లు ఆ ఏడుపును వందల కాగితాల మీద చూస్తారు. మొదటి మూడు ఐడియాలు కాగితం మీద రాసి కొట్టేయండి. తలలో ఉంచుకుని కొట్టేయడం కుదరదు, తిరిగి వస్తాయి.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. అంశం: "హఠాత్తుగా వాన, చేపల రేవు". ఏ4 పేజీలో ఎడమవైపు స్కెచ్‌బుక్‌లోంచి వస్తువుల పేర్లు రాయండి. ఎండుచేపలు పరిచిన టార్పాలిన్, ఐస్ పెట్టెలు, గంప, కాటా, వలల కుప్ప, కాకులు, పిల్లి. కుడివైపు పనులు రాయండి: మూట కట్టడం, లాగడం, గంప తల మీద బోర్లించుకోవడం, పడవ కిందికి దూరడం, దొంగిలించడం. తర్వాత రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ వాన వల్ల ఎవరికి నష్టం? ఎండుచేపలు ఆరబెట్టిన ఆవిడకు. ఎవరికి లాభం? అందరూ హడావుడిలో ఉన్నారు కాబట్టి పిల్లికి. కథ దొరికింది. గొడుగుల గుంపు కంటే ఇది ఎందుకు బలమైనదంటే ఇందులో ఇద్దరికి రెండు వేర్వేరు అవసరాలున్నాయి, రెండూ ఒకే చేప మీద కలిశాయి.

ఇప్పుడు థంబ్‌నెయిళ్లు, అంటే అసలు బొమ్మకు ముందు వేసుకునే బుల్లి నమూనాలు. 4 సెంటీమీటర్లు ఇంటూ 3, జవాబు పెట్టె నిష్పత్తి ఎంతో అదే నిష్పత్తిలో. పెట్టె అడ్డంగా ఉంటే నిలువు థంబ్‌నెయిల్ వేసి లాభం లేదు, పెద్దది చేసేటప్పుడు పక్కలు ఖాళీ మిగులుతాయి. మొదటిది నిలబడ్డ మనిషి కంటితో: ఇద్దరు ఆడవాళ్లు టార్పాలిన్ రెండు మూలలు పట్టి లాగుతున్నారు, పిల్లి ఓ మూల చిన్నగా ఉంది. బాగుంది, కానీ పిల్లి కనబడదు. రెండోది డాబా మీంచి: టార్పాలిన్ పెద్ద నల్ల చతురస్రం, చుట్టూ పరుగులు. ఆకారం బాగుంది కానీ ముఖాలు లేవు, పై నుంచి మనుషుల్ని గీయడం రానివాళ్లు పరీక్షలో దీని జోలికి వెళ్లకూడదు. మూడోది పిల్లి కంటి ఎత్తులో: హొరైజన్ బాగా కిందికి, ముందు పిల్లి, నోట్లో చేప, వెనక పెద్దగా లాగుతున్న చేతులు, పైకి ఎగిరిన టార్పాలిన్ అంచు, దాని కింద సందులోంచి పడవలు. ఇదే తీసుకుంటాం.

ప్రతి థంబ్‌నెయిల్‌ను మూడే టోన్లలో నింపాలి: కాగితం తెలుపు, మధ్య బూడిద, నలుపు. కళ్లు చికిలించి మూడు సెకన్లు చూస్తే ముఖ్యమైనది తెలియాలి. నల్ల పిల్లి వెనక నల్ల టార్పాలిన్ ఉంటే పిల్లి మాయమవుతుంది, అప్పుడు టార్పాలిన్‌ను బూడిదకు మార్చాలి, లేదా పిల్లి తెల్లదవ్వాలి. ఈ మార్పు ఇక్కడైతే పది సెకన్లు, పెద్ద బొమ్మలోనైతే పది నిమిషాలు.

ఈ టోన్ల లెక్క అలవాటు కావాలంటే మనవాళ్లనే చూడండి. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య చిత్రం ఒకటి తీసుకుని, గీతలు వదిలేసి, వెలుగు నీడల ముద్దల్ని మాత్రం అగ్గిపెట్టంత సైజులో దించండి. బాపు బొమ్మల్లోనైతే ఏం గీయలేదో చూడండి, ఎంత చోటు ఖాళీగా వదిలి కూడా మనిషి నిలబడ్డ నేలను ఎలా చెప్పాడో. శైలిని దించడం వద్దు. అరువు శైలిలో మీకు రాని చేతులు, పాదాలు ఇట్టే దొరికిపోతాయి.

ముప్పై నిమిషాల ప్రశ్నకు సమయం

ఐడియా, థంబ్‌నెయిళ్లు 5 నిమిషాలు. హెచ్‌బీతో పల్చగా హొరైజన్, పెద్ద ఆకారాలు 4. గీత 13. టోన్ 5. మిగతా 3 నిమిషాల్లో కాగితాన్ని తలకిందులు చేసి చూడండి, ఒరిగినవన్నీ అప్పుడు బయటపడతాయి. అందరి పాదాల కింద నేలకు తాకే నీడ ఉందా, కింది అంచు దగ్గర ఎవరి కాళ్లయినా తెగాయా, చేతులన్నీ జేబుల్లోనో వెనకో దాచేశారా, ఇవి చూసుకోండి. పెద్ద ఆకారాలు పూర్తికాకుండా ఒక ముఖం మీద కూర్చుంటే ఆ ముఖం ఒక్కటే మిగులుతుంది.

నీడను వేలితో రుద్దకండి. చెమట వేలితో కలిసి జిడ్డు మరక అవుతుంది, దాని మీద పెన్సిల్ మళ్లీ పట్టదు. ఒకే దిశలో గీతలు వేస్తే వేగంగానూ శుభ్రంగానూ ఉంటుంది.

వారానికి ఒక ఆదివారం గడియారం పెట్టుకుని, పాత ప్రశ్నపత్రంలోంచి రెండు ప్రశ్నలు, గంట, మధ్యలో లేవకుండా చేయండి. తేదీ, పట్టిన సమయం పేజీ మూల రాయండి. అంశం ఇతరులకు చెప్పకుండా బొమ్మ చూపించి "ఏం జరుగుతోంది?" అని అడగండి. అడగాల్సింది బొమ్మలు గీసే స్నేహితుణ్ని కాదు, పక్కింటి పిన్నిగారిని. ఆవిడ చెప్పినది మీరు అనుకున్నది కాకపోతే, ఆ వారం స్కెచ్‌బుక్‌లో ఏం గీయాలో అక్కడే తెలిసిపోతుంది.