తాటికల్లు సిర్కా: మా రెండెకరాల్లో ఈ ఏటి లెక్క

నల్లగొండ వైపు బోరునీళ్లతో సంసారం చేసేవాళ్లకు తెల్లమరకల గురించి చెప్పాల్సిన పనిలేదు. గిన్నె కడిగి బోర్లిస్తే ఆరేసరికి అంచున సున్నపు గీత ఉంటుంది. హీటర్ రాడ్డుకు పెచ్చులు కడతాయి. కూరగాయల మడిలో డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఈ సున్నాన్ని కరిగించడం కోసమే సిర్కా, అంటే వెనిగర్, పెట్టడం మొదలుపెట్టాను. ఈ ఏడు పెట్టినదాని లెక్క ఇది.

ఫిబ్రవరి 8. మా ఊళ్లో చెట్టు గీసే తాత దగ్గర పొద్దుటి కల్లు సాయంత్రానికి మిగిలిపోతే తీసుకొచ్చాను, 8 లీటర్లు. "పులిసిన కల్లు ఏం జేస్తవ్ బిడ్డా?" అన్నాడు. "సిర్కా పెడదామని తాతా" అంటే లొట్టి అడుగున ఉన్నది కూడా ఒంపి ఇచ్చాడు. కల్లు అయితే సగం పని చెట్టు మీదే అయిపోతుంది. అందులో చక్కెర అప్పటికే సారాగా మారి ఉంటుంది, దాన్ని ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియాకు గాలి తగిలేలా చూడటమే మన వంతు.

రెండుసార్లు బట్టలో వడకట్టి రెండు గాజు సీసాల్లో సగం సగం పోశాను. నిండా పోయకూడదు, పైన గాలి ఆడాలి. మూతకు బదులు పాత నూలు చీర ముక్క రెండు మడతలు కట్టాను. మొదటి సీసాలో కల్లు ఒక్కటే. రెండోదాంట్లో నిరుడు మిగిలిన సిర్కా అర లీటరు కలిపాను. రెండూ చీకటిగా ఉండే కొట్టుగదిలో పెట్టాను.

ఫిబ్రవరి 20. రెండో సీసాలో పైన పొర కట్టింది. చల్లారిన గంజి మీద తెట్టులాగా, సీసా కదిపితే ముడత పడకుండా మొత్తం ఒకటిగా ఊగింది. దీన్నే తల్లి అంటారు, వచ్చే ఏటికి తోడు ఇదే. మొదటి సీసాలో తెల్లటి పొడి బూజు, మధ్యలో ఆకుపచ్చ చుక్కలు. వాసన కూడా చెడ్డది. 4 లీటర్లూ పారబోశాను, ప్రాణం ఉసూరుమంది. ముందే కాస్త పులుపు ఉంటే బూజుకు చోటు దొరకదు, తోడు కలిపేది అందుకే.

మార్చి 25. పులుపు కొలిచాను. పద్ధతి తేలిక: 50 మిల్లీలీటర్ల సిర్కాలో, తూకం వేసిన వంటసోడా చిటికెడు చిటికెడు వేస్తూ నురగ రావడం ఎప్పుడు ఆగుతుందో చూడాలి. మూడున్నర గ్రాములు పడితే 5 శాతం. నాకు రెండున్నర గ్రాములు పట్టింది, అంటే సుమారు 3.6. ఎండలు ముదిరితే ఆ బ్యాక్టీరియా మందగిస్తుందని సీసాకు తడి గోనె చుట్టి నీళ్ల కుండల పక్కకు మార్చాను.

ఏప్రిల్ 19. మూడు గ్రాములు పట్టింది, సుమారు 4.3. ఇక చాలు. వడకట్టి, మరగనివ్వకుండా వేడిచేసి, సీసాల్లో మెడదాకా నింపి బిగించాను. తోడుకు ఒక సీసా మాత్రం వేడిచేయకుండా పక్కన పెట్టాను. మెడదాకా ఎందుకంటే, ఖాళీ ఉంచితే గాలి తగిలి పులుపు మళ్లీ తగ్గుతుంది. ఇంటి కొలత నమ్మి ఊరగాయలకు వాడను. ఊరగాయలకు నిమ్మరసం, చింతపండు ఉండనే ఉన్నాయి.

ఇక వాడకం. అన్నిటికంటే పనికొచ్చింది డ్రిప్పుకే. మడిలో విప్పదీసే డ్రిప్పర్లు 64, ఒక్కోటి గంటకు 4 లీటర్లు ఇవ్వాలి, అంటే పావుగంటకు లీటరు. కింద డబ్బా పెట్టి చూస్తే ఒకదానికి 400 మిల్లీలీటర్లే వచ్చింది. అన్నీ విప్పి బకెట్లో వేసి మునిగేలా సిర్కా పోశాను. వేయగానే సన్నగా బుడగలు, చెవి దగ్గర పెడితే చిరుచిరుమనే చప్పుడు. తెల్లారి పాత బ్రష్షుతో రుద్ది బిగించాక అదే డ్రిప్పరు 900 ఇచ్చింది. వంకాయ మొక్కల్లో చివరి వరుస దాకా తడి అందడం చాలా రోజుల తర్వాత చూశాను.

అయితే ఆ బకెట్టు వరండాలో షాబాద్ బండ మీద పెట్టాను. అంచు మీంచి కొంచెం ఒలికింది, బండ మీద కూడా బుడగలు లేచాయి. తుడిచేసరికే అరచేయంత మచ్చ, నునుపు పోయి సుద్దలా అయింది. ఆ బండ కూడా సున్నపురాయే కదా! కడప బండ ఉన్న వంటగట్టుకూ ఇదే గతి. ఇప్పుడు ఈ పనులన్నీ మట్టి నేల మీదే.

హీటర్ రాడ్డు ప్లగ్గు తీసి, చల్లారాక పొడుగాటి డబ్బాలో రెండు గంటలు నానబెడితే పెచ్చులు వాటంతటవే ఊడాయి. తుప్పు పట్టిన కొడవళ్లు ఒక రాత్రి నాని, రుద్ది కడిగి, ఆరగానే నూనె రాస్తే బాగయ్యాయి. కోళ్ల నీళ్ల డబ్బాల్లో జిగురుకూ బాగానే పనిచేసింది, తర్వాత మంచినీళ్లతో కడగాలి. రాగి బిందె మాత్రం అత్తమ్మ చింతపండు, ఉప్పుతోనే తోముతుంది, ఆ మెరుపు నాకు సిర్కాతో రాలేదు. జిడ్డు మూకుడుకు సిర్కా దండగ, దానికి బూడిదో సబ్బో కావాలి.

గడ్డి మీద కూడా చల్లి చూశాను. లేత వయ్యారిభామ మొలకలు ఎండలో సాయంత్రానికే మాడిపోయాయి. తుంగ ఆకు ఎండింది కానీ వారం తిరగకుండా మళ్లీ లేచింది. గడ్డ భూమిలోనే ఉంటుంది, దానికి గునపమే దిక్కు.

ఒక్కటి మాత్రం మా ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను: బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట సిర్కా పోయొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరి అందదు. అందుకే బ్లీచింగ్ డబ్బా బోరు షెడ్డులో, సిర్కా సీసాలు కొట్టుగదిలో పెట్టాం.

మూడున్నర లీటర్లు తేలితే ఇప్పటికి రెండున్నర అయిపోయింది. తల్లిని ఆ వేడిచేయని సిర్కాలోనే వేసి ఉంచాను. వచ్చే ఫిబ్రవరికి 10 లీటర్ల కల్లు కావాలని తాతకు ఇప్పుడే చెప్పి పెట్టాను.