నిమ్ము అని చెప్పిన రోజులు

మూడు వారాలైనా దగ్గు తగ్గలేదు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడేది, తెల్లారేసరికి చెమటకు దిండు తడిసిపోయేది. తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. ఆరు నెలలు మానకుండా మందులు వాడితే తగ్గిపోతుందని డాక్టరు గారు నిదానంగా చెప్పారు. ఇంటికొచ్చాక అమ్మ తలుపు వేసి, "ఎవరడిగినా నిమ్ము చేసిందని చెప్పు" అంది.

అలాగే చెప్పాను.

అప్పుడు నా బరువు 47 కిలోలు. ఆ లెక్కన రోజూ మూడు మాత్రలు. ఒక్కో మాత్రలో నాలుగు మందులు. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పినా, మొదటిసారి చూసినప్పుడు కాళ్ళు వణికాయి. ఆ నాలుగు మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్లే అలా వస్తుందట.

మంచం మీద ఉన్నప్పుడు పాత డిగ్రీ నోట్సు తిరగేశాను. ఫ్రెంచి రచయిత ఆల్బెర్ కామూకి 17 ఏళ్ళకే, 1930లో, క్షయ వచ్చింది. ప్రాణంగా ఆడే ఫుట్‌బాల్ మానేయాల్సి వచ్చింది. తనను అస్తిత్వవాది (మన బతుక్కి అర్థం మన ఎంపికలే ఇస్తాయనేవాడు) అనొద్దనేవాడు కానీ, ఆ రోజుల్లో నాకు బాగా దగ్గరైంది అతనే. నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఫ్రెంచి అస్తిత్వవాద తత్వవేత్త సార్త్ర్. 1943 నాటి పుస్తకంలో అతను ఆత్మవంచన గురించి రాశాడు. ఎంచుకునే వీలుండి కూడా, మనకు వేరే దారి లేదని మనకు మనమే నమ్మబలుక్కోవడం అది.

నా దగ్గర ఎనిమిది మంది పిల్లలు ట్యూషన్‌కి వచ్చేవారు. కిటికీలు మూసిన చిన్న గదిలో, రోజూ గంటన్నర. దగ్గరగా మెలిగిన వాళ్ళు పరీక్ష చేయించుకోవాలని ఆసుపత్రిలో చెప్పారు. నేను నిమ్ము అంటే ఎవరు వెళ్తారు? అమ్మ చెప్పమంది, లోకం అలాంటిది, నేనేం చేయగలను అనుకుంటూ పది రోజులు గడిపాను. జబ్బును నేను కోరుకోలేదు, నిజమే. ఆ అబద్ధం మాత్రం రోజూ నా నోటితో నేనే చెబుతున్నాను.

పదకొండో రోజు ఒక్కో తల్లికీ ఫోన్ చేశాను. ఒకావిడ మాట్లాడకుండా పెట్టేసింది. ఇంకొకావిడ, "టీచర్, ముందే చెప్పొచ్చు కదా, మా చిన్నోడు మీ పక్కనే కూర్చునేవాడు" అంది. ఆవిడకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు, క్షమించమన్నాను. పిల్లలందరికీ పరీక్షలు చేయించారు. ఎవరికీ రాలేదని తెలిసిన సాయంత్రం వెక్కివెక్కి ఏడ్చాను.

కోర్సు పూర్తయింది, ఇప్పుడు 53 కిలోలున్నాను. ట్యూషన్‌కి ఐదుగురు తిరిగొచ్చారు. కిటికీలు తెరిచే ఉంచుతున్నాను.

నిన్న పెద్దమ్మ ఫోన్ చేసి నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. అమ్మ వంటింట్లోకి వెళ్ళి, గొంతు తగ్గించే అయినా, "టీబీ వచ్చిందక్కా, తగ్గిపోయింది" అంది.