రమ్మీలో 80, ఇక్కడ ఎంత?

గుంటూరులో పేకాట తెలిసినవాళ్లలో ఎక్కువమంది రమ్మీతో చేయి తిరిగినవాళ్లే. రమ్మీలో నష్టానికి ఆటే హద్దు పెడుతుంది. మొదట్లోనే డ్రాప్ అంటే 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, ఒక్క సీక్వెన్సూ కుదరకుండా దొరికిపోయినా 80 దాటదు. నో-లిమిట్ హోల్డెమ్‌లో (ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, నడిమిన అందరికీ కలిపి అయిదు ఉండే, పందేనికి పరిమితి లేని పోకర్) ఆ దయ లేదు. ముందున్న చిప్స్ మొత్తం ఒక్క ఆటలో ఊడ్చుకుపోవచ్చు. అందుకే మధ్యరకం ముక్కలు పడినప్పుడు ఆ హద్దేదో మనమే గీసుకోవాలి.

ఆదివారాలు బ్రాడీపేటలో మా మేడమీద గదిలో ఆడుకుంటాం. ప్లాస్టిక్ చిప్సే, డబ్బు ప్రసక్తి లేదు. 2020లో రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలను నిషేధించాక ఫోన్లలో ఆడే కుర్రాళ్లు కూడా మా చాప మీదికే చేరారు.

మొన్న నాకు ఆసు, తొమ్మిది వచ్చాయి. మిగిలింది నేనూ మా బావగారూ. పాట్‌లో (నడిమిన పోగైన పందెంలో) 10 చిప్స్. ఫ్లాప్‌లో (నడిమిన మొదట తిప్పే మూడు ముక్కల్లో) ఆఠీను రాజు, కళావరు తొమ్మిది, డైమను నాలుగు; నాకు తొమ్మిదుల జత కుదిరింది. ఆయన చెక్ (పందెం వేయకుండా వంతు వదిలేయడం) అన్నారు, నేనూ చెక్ అన్నాను. “ఏమోయ్, ఆడుతున్నావా, నిద్రపోతున్నావా?” అన్నారు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం ఆయనది, ధర పెంచనివాడంటే చులకన.

కానీ నేను బెట్ వేస్తే నిలబడేదెవరు? ముఖ్యంగా రాజున్నవాడు. ఏమీ లేనివాడు ముక్కలు పడేసి తప్పుకుంటాడు. పైగా మిగిలిన మూడు రౌండ్లూ ఇద్దరం సగం పాట్ చొప్పున వేసుకుంటూ పోతే 10 కాస్తా 20, 40, 80 అవుతుంది; నా వంతు 35. ఒక్క రౌండు చెక్‌తో గడిపితే 40 దగ్గర ఆగుతుంది, నా వంతు 15. బెట్లు పాట్ అంత పెద్దవైతే తేడా చూడండి: మూడు రౌండ్లకు 270, రెండింటికి 90.

టర్న్‌లో (నాలుగో ముక్క) ఇస్పేటు రెండు. ఆయన 5 వేశారు, నేనూ అంతే వేసి కాల్ చేశాను. రివర్‌లో (ఆఖరి ముక్క) ఆఠీను ఆరు. 10 వేశారు, మళ్లీ కాల్. ఆయన తిప్పి చూపించినవి రాజు, రాణి. గెలిచిన మనిషి ముఖం చూడాలి ఆ క్షణాన! “రాజుల జత పెట్టుకుని కూర్చుంటే పదిహేనేనా?” అని అక్క తెచ్చిన టీ కూడా ముట్టుకోలేదు.

ఇదే ఫ్లాప్‌లో రెండు ఆఠీన్లు ఉంటే ఇంత నింపాదిగా చెక్ అనను. చేతిలో రెండు ఆఠీన్లతో, అయిదూ ఒకే జాతి కావడానికి మూడో ఆఠీను కోసం చూస్తున్నవాడికి ముక్కను ఉచితంగా చూపించినట్టవుతుంది. ముందుగా మాట్లాడాల్సిన చోట కూర్చున్నా ఈ పాచిక పారదు. నేను చెక్ అన్నా అవతలివాడు బెట్ వేస్తాడు, పాట్ ఎంతవరకు పెరగాలో అతనే తేలుస్తాడు. ఆఖరున మాట్లాడేవాడు చెక్ అంటేనే ఆ రౌండు అక్కడితో ముగుస్తుంది. అందుకని ముందు వరసలో ఉన్నప్పుడు ఆసు-తొమ్మిది వస్తే నేను ఫ్లాప్ దాకా కూడా పోను.